లేటెక్సు పరుపు – కుట్టు లోపలి సరుకు

మన పెద్దల కాలమున పరుపు కుట్టించుకొనుట కంటి యెదుట జరిగెడి పని. వేసవిలో బూరుగుకాయలు పగిలిన పిమ్మట దూది తెచ్చి, గింజ లేరి, ఎండబోసి, పరుపు గుడ్డలో కూరుచుండగా ఇంటి యిల్లాలు దగ్గర కూర్చుండి చూచెడిది. పాత దూది కలిసినను, గింజ మిగిలినను ఆమె వ్రేళ్లకు తెలిసిపోయెడిది. ఇప్పుడు పరుపు నలువైపుల కుట్టు వేయబడి, పైన నున్నని వస్త్రముతో, పేరు అచ్చువేసిన చీటీతో ఇంటికి వచ్చుచున్నది. చూడక కొనవలసిన వస్తువులలో అదియు నొకటి యైనది. వెల చూడబోయిన, తక్కువది కాదు.

మా యింటి అనుభవ మొకటి చెప్పెదను. మా తల్లిగారికి నడుమునొప్పి వచ్చినప్పుడు, రబ్బరు పరుపు మంచిదని నలుగురు చెప్పగా విని, ఆరంగుళముల మందము గల లేటెక్సు పరుపు నొకదానిని కొంటిమి. రెండేండ్లు తిరుగక మునుపే నడుము ఆనుచోట గుంట పడినది. ఆమె దానిపై పరుండుట మాని నేలపై చాప పరచుకొనసాగెను. ఒకనాడు కుట్టు విప్పి చూచితిమి. పైన రెండంగుళములు మాత్రమే లేటెక్సు. క్రింద నాలుగంగుళములు పాలియూరిథేన్ నురుగు, అనగా చౌక కుర్చీ మెత్తలలో నుండు సామాన్యమైన స్పాంజి. అమ్మినవారు అబద్ధమాడిరని చెప్పజాలము. అందులో లేటెక్సు ఉన్న మాట నిజమే. ఎంత ఉన్నదని మేము అడుగలేదు.

లేటెక్సు అనగా రబ్బరుచెట్టు పాలు. బెరడును పలుచగా గీసినచో తెల్లని పాలు చిన్న చిప్పలోనికి బొట్లుగా కారును. మన దేశమున లభించు సహజ రబ్బరులో అధికభాగము కేరళము నుండి వచ్చుచున్నది. ఆ పాలలో రబ్బరు సుమారు మూడవ వంతు. మిగిలినది ముఖ్యముగా నీరు. పాలనుండి మీగడ తీయు యంత్రము వంటి దానిలో గిరగిర త్రిప్పి, రబ్బరు నూటికి 60 వంతులు ఉండునట్లు చిక్కబరతురు. విరిగిపోకుండ అమ్మోనియా కలుపుదురు. తరువాత సబ్బును చేర్చి నురుగు వచ్చువరకు చిలుకుదురు. 1929 ప్రాంతమున ఇంగ్లండులోని డన్‌లప్ కంపెనీ పరిశోధకులు ఈ పనిని సాధించిరి కనుక దీనికి డన్‌లప్ పద్ధతి యని పేరు నిలిచినది. గంధకము మొదలగునవి కలిసిన ఆ నురుగును అచ్చులో పోసి ఆవిరితో వేడిచేయగా అది సాగెడి గుణము గల దిమ్మగా బిగియును. ఇడ్లీ వండు ఇల్లాండ్రకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అచ్చులోని లోహపు కడ్డీలు వేడిని నడిమికి చేర్చును. వాని గుర్తులే దిమ్మ నిండ కనిపించు రంధ్రములు. ఆ రంధ్రములను మాత్రమే చూచి నమ్మరాదు. స్పాంజికిని రంధ్రములు చేయవచ్చును.

టాలలే యను మరియొక పద్ధతి కలదు. అందులో నురుగును శూన్యములో పొంగించి, అతిశీతలమున గడ్డకట్టించి, అటుపిమ్మట వేడిచేయుదురు. ఆ దిమ్మ అడుగునుండి పైవరకు ఒకే తీరున ఉండును. డన్‌లప్ దిమ్మ అడుగున ఇంచుక గట్టిగా ఉండవచ్చును. రెండును మంచివే. ఏ పద్ధతిదైనను, దిమ్మను అచ్చునుండి తీసిన తరువాత పలుమారులు నీట కడిగి సబ్బును, మందులను పోగొట్టి, బాగుగా ఆరబెట్టవలెను. ఇక్కడ పని తగ్గించినచో పరుపు త్వరగా చెడును.

ఇక దుకాణమునకు పోవుదము. మొదట అడుగవలసినది: పరుపు మందములో లేటెక్సు ఎన్ని అంగుళములు, తక్కినది ఏమి? రెండవది: ఆ లేటెక్సు చెట్టుపాలదా, కర్మాగారమున పెట్రోలియము సరుకునుండి చేసిన కృత్రిమ రబ్బరుదా, రెండును కలిపినదా? వ్యాపార భాషలో అన్నిటికిని లేటెక్సు అనియే పేరు. పై తొడుగుకు జిప్పు ఉన్నచో విప్పి ప్రక్కనుండి పొరలను చూడవలెను. విప్పి చూపుటకు వెనుదీయు దుకాణమున నేనైతే కొనను.

అన్నిటికంటె నాకు నమ్మకమైన పరీక్ష తక్కెడ. సహజ లేటెక్సు దిమ్మ ఘనమీటరుకు సుమారు 65 నుండి 95 కిలోల వరకు తూగును. సామాన్యమైన స్పాంజి అందులో సగమైనను తూగదు. 72 అంగుళముల పొడవు, 36 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల మందము గల పరుపు ఘనపరిమాణము ఘనమీటరులో నాలుగవ వంతు కంటె కొంచె మెక్కువ. అది యంతయు లేటెక్సే యైనచో, తొడుగు గాక, 16 మొదలు 24 కిలోల వరకు ఉండవలెను. మా పరుపును ఆలస్యముగా తూచితిమి. తొడుగుతో కూడ 11 కిలోలు!

అయినను బరువొక్కటే సాక్ష్యము కాదు. సుద్దపొడిని, మెత్తని మట్టిని నురుగులో కలిపి బరువు పెంచుట కలదు. అట్టి దిమ్మలో సాగుగుణము తక్కువ. బొటనవ్రేలితో లోతుగా అదిమి విడిచినచో మంచి లేటెక్సు తటాలున పైకి లేచును. సుద్ద హెచ్చైనది బద్ధకముగా లేచును. అంచును వ్రేళ్ల నడుమ నలిపినప్పుడు పొడి రాలరాదు. కొత్త రబ్బరుకు కొంచెము వాసన సహజమే. గాలి తగులగా కొన్ని దినములలో తగ్గును. ముక్కు మండించు ఘాటైన వాసన మాత్రము మంచి గుర్తు కాదు. రబ్బరు చేతితొడుగులు వేసుకొనిన ఒడలు దద్దురులెక్కు వారు కొనుటకు ముందే వైద్యుని అడుగుట మేలు.

మెత్తదనమును నాణ్యముగా భ్రమించువారు పెక్కుమంది. మెత్తనిది మంచిది కావచ్చును, గట్టిది నాసి కావచ్చును. అరచేతితో నొక్కి తేల్చుకొనుటకంటె, వాడబోవువారే పావుగంటసేపు వెల్లకిలను, ప్రక్కకు తిరిగియు పరుండి చూచుట ఉత్తమము. దుకాణములో పరుండుటకు మనవారు సిగ్గుపడుదురు. చీర కొనునప్పుడు మడతలన్నియు విప్పించుటకు లేని సిగ్గు ఇక్కడ ఎందులకో తెలియదు.

చీటీలపై ముద్రలను కూడ చదువుట నేర్వవలెను. ఓకో-టెక్స్ ముద్ర హానికరమైన పదార్థములు హద్దు మీరలేదని చెప్పును గాని, లేటెక్సు ఎంత పాలు సహజమైనదో చెప్పదు. లేటెక్సు నురుగు వస్తువులకు మన దేశమున ఐ.ఎస్. 1741 అను ప్రమాణము కలదు. దాని ప్రకారము చేసినదా యని అడుగవచ్చును.

ఇంటికి తెచ్చిన తరువాత జ్ఞాపకముంచుకొనవలసిన దొకటి: దూది పరుపునకు ఎండ మందు, రబ్బరు పరుపునకు అదియే శత్రువు. పండుగ ముందు పరుపులన్నిటిని డాబాపై ఆరవేయు అలవాటు మనది. లేటెక్సు దిమ్మ ఎండకు పసుపుబారి, పెళుసెక్కి, కడకు పొడియగును. దానిని నీడన గాలికి నిలుపవలెను. తలకు రాచిన నూనె కూడ రబ్బరును పాడుచేయును గనుక దిండ్లకు ఒత్తు గలీబులు తొడుగవలెను.

రెండవమారు పరుపు కొన్నప్పుడు, పొరల వివరమును, అంగుళములను, తూచిన బరువును బిల్లుపై వ్రాసి యిమ్మని అడిగితిని. దుకాణదారుడు నన్నొకమారు ఎగాదిగా చూచి, లోపలినుండి తక్కెడ తెప్పించెను.