మీకు తెలుసా? చింతపడొద్దన్న పౌలుకూ బెంగ ఉండేది

దేనికీ చింతపడవద్దని ఫిలిప్పీ సంఘానికి పత్రికలో రాసినప్పుడు అపొస్తలుడైన పౌలు సంకెళ్లలో ఉన్నాడు. విడుదలో, మరణమో ఆయనకే తెలియదు.

నాలుగో అధ్యాయంలోని ఆ మాట మన ఇళ్లలో వాక్య క్యాలెండర్ల మీద తరచూ కనిపిస్తుంది. రెండో అధ్యాయంలోని సంగతి మాత్రం చాలామంది కంట పడదు. ఫిలిప్పీ విశ్వాసులు పంపిన సహాయం తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడు. పైగా, తన జబ్బు సంగతి ఊళ్లోవాళ్లకు తెలిసిపోయిందని అతనికి ఇంకో దిగులు. కోలుకున్నాక అతణ్ని వెనక్కి పంపిస్తూ, మీరు అతణ్ని కళ్లారా చూస్తే నా మనసు కూడా కాస్త తేలికపడుతుందని పౌలు దాపరికం లేకుండా చెప్పుకున్నాడు.

నాకు ఈ పత్రికలో అన్నిటికంటే ఊరటనిచ్చేది ఇదే. బెంగ పుట్టినంత మాత్రాన విశ్వాసం సన్నగిల్లినట్టు కాదు. ఆ బెంగను ప్రార్థనలో, కృతజ్ఞతతో దేవునికి విన్నవించుకోమన్నాడు పౌలు.

పత్రిక మొత్తం నాలుగే అధ్యాయాలు. ఆసుపత్రి రిపోర్టు కోసమో, పిల్లల ఫలితాల కోసమో నిద్రపట్టని రాత్రి కూర్చున్నపళంగా చదివేయండి. రెండో అధ్యాయాన్ని మాత్రం దాటేయకండి.