కరెంటు అల ఎందుకు వంకరపోతుంది? సరిచేసేదెలా?

మహేశ్వరంలోని పవర్‌గ్రిడ్ 765 కేవీ సబ్‌స్టేషన్‌లోనైనా, మీ ఇంట్లోనైనా కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే అల. అది నున్నగా ఉండాలి. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఫ్యాక్టరీల్లో మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు మాత్రం కరెంటును ముక్కలుగా లాగుతాయి. దాంతో 150, 250, 350 హెర్ట్జ్ అలలు పుడతాయి. అవే హార్మోనిక్స్. వాటివల్ల ట్రాన్స్‌ఫార్మర్ అదనంగా వేడెక్కుతుంది.

అసలు ప్రమాదం కెపాసిటర్ల దగ్గర. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటు ఎంత సమర్థంగా పనికొస్తుందో చెప్పే కొలత) మెరుగుపడటానికి పెట్టిన కెపాసిటర్ ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిస్తే ఒక సహజమైన ఊపు వస్తుంది. అది 250 హెర్ట్జ్‌కు దగ్గరైతే, ఊయలను అదను చూసి తోసినట్టే, చిన్న అల పెద్దదవుతుంది. ఇదే రెజొనెన్స్. కెపాసిటర్ ఉబ్బి పగిలిపోవచ్చు.

విరుగుడు, కెపాసిటర్‌కు వరుసలో 7 శాతం రియాక్టర్, అంటే 50 హెర్ట్జ్ దగ్గర కెపాసిటర్ అడ్డులో 7 శాతం అడ్డు ఉండే తీగచుట్ట. ఆ జంట 189 హెర్ట్జ్‌కు ట్యూన్ అవుతుంది. 250 దగ్గర అది తీగచుట్టలా ప్రవర్తిస్తుంది కనుక రెజొనెన్స్ కుదరదు.

ఫ్యాక్టరీ చూడటానికి వెళ్తే ఈ చుట్టలను చూపించమని ఇంజినీరును అడగండి. ప్యానెల్ గదిలోకి ఒంటరిగా మాత్రం వెళ్లకండి.