క్వార్టర్ ఖాళీ చేసే రోజు, మత్తయి ఆరో అధ్యాయం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగికి 60 ఏళ్లు నిండగానే రెండు మార్పులు వెంటవెంటనే వస్తాయి. నెల జీతం ఆగిపోతుంది. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తుంది. పిల్లలు పుట్టి పెరిగిన ఇల్లు, పెరట్లో వేసుకున్న మునగచెట్టుతో సహా వెనక్కి ఇచ్చేయాలి. ఆ తర్వాత ఎక్కడ ఉండాలి? శ్రీకాకుళం వైపు ఊళ్లో వాటాకొచ్చిన గదిలోనా? ఊరి తెలుగు కంటే హిందీయే బాగా వచ్చిన పిల్లలతో ఇక్కడేనా? కంపెనీ టౌన్‌షిప్ సెక్టార్లలోని తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న రిటైర్మెంటుకు చాలా ఏళ్ల ముందే మొదలవుతుంది.

ఈ ఊరి పుట్టుక తెలిస్తే ఈ బెంగ ఎందుకింత గట్టిదో అర్థమవుతుంది. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను (ఇనుప ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమిని) ప్రారంభించారు. పని దొరుకుతుందని ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వేలమంది విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైల్లో వచ్చారు. ఉద్యోగం, ఇల్లు, బడి, ఆస్పత్రి అన్నీ ఒక్క కంపెనీయే ఇచ్చింది. అన్నీ ఒకేచోటి నుంచి వచ్చినప్పుడు ఆ ఒక్కటీ కదిలితే అన్నీ కదిలినట్టే ఉంటుంది.

ఆ తరం పర్మనెంటు కొలువులు ఇప్పుడు బాగా తగ్గాయి. పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు కార్మికులకు చేరింది. వాళ్ల దిగులు 60వ ఏట మొదలయ్యేది కాదు. కాంట్రాక్టు మారే ప్రతిసారీ వచ్చేది. దానికి తోడు ఐఐటీ ర్యాంకుల ఊరిగా భిలాయికి పేరుంది. కాబట్టి పదహారేళ్ల పిల్లలకు కూడా తమ వంతు బెంగ తప్పదు.

ఇక ప్రాణభయం. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే చోటును అది ఆక్రమిస్తుంది. మనిషికి ప్రమాదం తెలిసేసరికి కాళ్లలో సత్తువ ఉండదు. 2014 జూన్ 12న ఈ వాయువు లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల (బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్‌గా మార్చే బట్టీల) దగ్గర గ్యాస్ పైపులైనుకు నిప్పంటుకుని పదిమందికి పైగా మరణించారు. నైట్ షిఫ్టుకు వెళ్లిన మనిషి కోసం ఇంట్లో ఒకరు మెలకువగా ఉండటం ఇక్కడ వింత కాదు.

ఇలాంటి ఊళ్లో ఆదివారం ఆరాధనలో పాస్టర్‌గారు మత్తయి సువార్త ఆరో అధ్యాయం తెరిచి, రేపటి గురించి చింతపడకూడదన్న యేసు బోధ వినిపిస్తే వినేవాళ్లకు ఏమనిపిస్తుంది? కొందరికి ఊరట. మరికొందరికి మనసులో ఒక ప్రశ్న: చింతించకపోతే ఎలా గడుస్తుంది? ఇది అవిశ్వాసపు ప్రశ్న కాదు. జవాబు చెప్పవలసిన ప్రశ్న.

ముందు చింత ఎలా పనిచేస్తుందో చూద్దాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్ 1980ల నుంచి దీన్ని పరిశీలించారు. చింత ఎక్కువగా మాటల రూపంలో నడుస్తుందని ఆయన గమనించారు. ‘ఒకవేళ ఇలా అయితే? ఒకవేళ అలా అయితే?’ అంటూ మనసు తనతో తానే మాట్లాడుకుంటుంది. ఆ మాటల్లో పడి అసలు భయాన్ని నేరుగా చూడటం తప్పించుకుంటుంది. ఏదో చేస్తున్నామన్న తృప్తి మాత్రం మిగులుతుంది. పైగా మనం భయపడినవాటిలో చాలావరకు జరగవు. అప్పుడు మనసు లెక్క తప్పుగా కడుతుంది: నేను బెంగపడ్డాను కాబట్టే ఆపద తప్పింది అనుకుంటుంది. మళ్లీసారి ఇంకాస్త ఎక్కువ బెంగపడుతుంది. అందుకే ‘ఊరికే దిగులుపడకు’ అని చెబితే ఎవరి దిగులూ పోదు. అది పనికొచ్చే కాపలా అని లోలోపల నమ్మకం కుదిరిపోయింది.

ఇప్పుడు యేసు మాటకు వద్దాం. ఆ అధ్యాయంలో చింత గురించిన బోధ ఒంటరిగా లేదు. దానికి ముందు భూమ్మీద కూడబెట్టే ధనం గురించి, ఇద్దరు యజమానులకు ఒకేసారి దాసులుగా ఉండలేకపోవడం గురించి చెప్పి, ఆ కారణం చేతనే చింతపడవద్దు అంటాడు. చాలా ప్రసంగాలు ఈ లంకెను దాటేసి నేరుగా పక్షుల దగ్గరికి, అడవి పువ్వుల దగ్గరికి వెళ్లిపోతాయి. అసలు వాదం ఈ లంకెలోనే ఉందని నా అభిప్రాయం. మనిషి దేన్ని మొదటి స్థానంలో పెడతాడో దాని చుట్టూనే భయం అల్లుకుంటుంది. ఉద్యోగం మొదటిదైతే, అది పోతే తానే లేనట్టు. కొడుకు ర్యాంకు మొదటిదైతే, ఆ పరీక్ష తల్లిదండ్రుల బతుకు మీద తీర్పు అవుతుంది. ఇవి మంచి విషయాలే. కానీ పోగలిగినవి. పోగలిగిన దాని మీద బతుకంతా ఆనించినప్పుడు దాన్ని రాత్రింబవళ్లు కాయాల్సిందే.

అందుకే ఆ బోధకు ఇరుసు, మొదట దేవుని రాజ్యాన్ని, ఆయన నీతిని వెదకమన్న మాట. అవసరాలను కాదనడం అందులో లేదు. తిండీ బట్టా మీకు కావాలని తండ్రికి తెలుసు అని యేసే అంటాడు. వరుస మారాలన్నదే ఆయన చెప్పింది. ఉద్యోగం రెండో స్థానానికి వస్తే దాని విలువ తగ్గదు. అది పోతే నష్టం ఉంటుంది, కన్నీళ్లూ ఉంటాయి. కానీ ‘నేను ఎవరిని?’ అన్న ప్రశ్నకు జవాబు దానితో పాటు పోదు.

ఇక్కడ ఒక అపార్థం తొలగాలి. దేవుణ్ని ముందు పెట్టడమంటే జాగ్రత్త మానేయడం కాదు. గ్యాస్ ఉన్న చోటికి వెళ్లేవాడు దాన్ని పసిగట్టే మానిటర్ పెట్టుకోవాలి, ఒంటరిగా వెళ్లకూడదు. ఈ పనులకు మొదలూ చివరా ఉన్నాయి; చేశాక అయిపోతాయి. చింతకు చివర లేదు. మానిటర్ పెట్టుకోకుండా ప్రార్థన చేసి లోపలికి దిగడాన్ని విశ్వాసమనకూడదు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్న శోధనను యేసు తిరస్కరించింది ఇందుకే.

మరి వరుస ఎలా మారుతుంది? అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ సంఘానికి సంకెళ్లలో ఉండి ఉత్తరం రాశాడు. చింతను విన్నపంగా మార్చి, కృతజ్ఞతతో దేవునికి చెప్పమన్నాడు. ఈ క్రమం గమనించదగ్గది. ‘ఒకవేళ ఇలా అయితే’ అన్న సుడిలో వినేవారు లేరు. విన్నపానికి వినేవారున్నారు, పైగా భయానికి పేరు పెట్టి చెప్పాలి: ‘మార్చిలో క్వార్టర్ పోతుంది, అద్దెకు డబ్బు చాలదు’. బోర్కోవెక్ చెప్పిన తప్పించుకోవడం అక్కడితో ఆగుతుంది. కృతజ్ఞత చెప్పాలంటే ఇప్పటిదాకా గడిచిన రోజులను గుర్తు చేసుకోవాలి. సంతృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానని పౌలు అదే ఉత్తరంలో రాశాడు. నేర్చుకున్నదంటే సమయం పట్టిందన్నమాట. ఒక ఉపవాస ప్రార్థనతో దిగులు పోలేదని కుంగిపోయేవారికి ఇది చెప్పాలి.

నిర్గమకాండంలో మన్నా (అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం) సంగతీ ఇలాంటి అభ్యాసమే. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. దాచుకుంటే పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు. ప్రణాళిక ఉంది, పోగుచేసుకోవడం లేదు. ఈ రోజువారీ అభ్యాసం ఇక్కడ గడియారం ప్రకారం సాగదు. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి మారే షిఫ్టులతో బతికే ఇంట్లో రోజూ ఒకే వేళకు ప్రార్థన కుదరదు. డ్యూటీకి బయల్దేరే ముందు ఐదు నిమిషాలు, నైట్ షిఫ్టు తర్వాత నిండా నిద్ర: ఇవే ఆ ఇంటికి సాధ్యమైన క్రమం. నిద్ర చాలని మెదడు చిన్న భయాన్నీ పెద్దది చేస్తుంది. నిద్రపోవడం కూడా దేవునికి రాత్రిని అప్పగించడమే.

దేవుణ్ని మొదట పెట్టమన్న ఈ బోధను వక్రీకరించేవారూ ఉన్నారు. దేవునికి మొదట ఇవ్వడమంటే తమకు కానుక ఇవ్వడమేనని, ఇస్తే ఉద్యోగం నిలుస్తుందని హామీ ఇస్తారు. ఉద్యోగం నిలవకపోతే ‘నీ విశ్వాసం చాలలేదు’ అంటారు. అప్పుడు బాధితుడికి దిగులు రెండింతలవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ముఖ్యం. జబ్బుతో ఉన్న వృద్ధుల్లో, దేవుడు తమను వదిలేశాడేమోనని, ప్రేమించడం లేదేమోనని అనుమానపడినవారికి మరణించే ముప్పు ఎక్కువగా కనబడింది. భక్తి ఉందా లేదా అన్నది ఒక్కటే చాలదు. మనసులో ఉన్న దేవుడు తండ్రా, లెక్కలు తీసే కాంట్రాక్టరా అన్నది కూడా తేడా తెస్తుంది.

చింత జబ్బుగా మారే స్థితీ ఉంటుంది. ఆరు నెలలకు పైగా దాదాపు రోజూ అదుపు తప్పిన ఆందోళన, నిద్ర పట్టకపోవడం, కండరాలు బిగుసుకోవడం ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. గుండె దడకు సెక్టార్ 9లోని కంపెనీ ఆస్పత్రికి వెళ్లడానికి సిగ్గుపడని మనిషి దీనికీ సిగ్గుపడనక్కర్లేదు. కేంద్రప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మందు వేసుకోవడం విశ్వాసంలో లోటు కాదు.

చివరగా, ఎక్కువగా మరిచిపోయే సంగతి. తిండీ బట్టా గురించిన ఆ మాటలు యేసు ఒక గుంపుతో అన్నాడు, ఒంటరి మనిషితో కాదు. ఆకలితో ఉన్నవారికి ఏమీ ఇవ్వకుండా క్షేమంగా వెళ్లమనడం ఎందుకూ పనికిరాదని యాకోబు పత్రిక సూటిగా చెప్పింది. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి పని ఇచ్చాడు. అదే సమయంలో, తిండి కోసమే సంఘంలో చేరతారేమోనని బాప్తిస్మాలను ఏడాదికి పైగా ఆపేశాడు. కరవు సహాయం ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన అన్నాన్ని ఆపలేదు, దాన్ని విశ్వాసానికి ఎరగానూ వాడలేదు.

భిలాయిలో కాంట్రాక్టు పోయిన ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్లే సంఘం ముందు ఇదే పని ఉంది. ప్రార్థన అయ్యాక పిల్లల ఫీజు ఎంత బాకీ ఉందో అడగాలి. పీఎఫ్ డబ్బు కోసం ఏ కాగితాలు పెట్టాలో తెలిసిన రిటైర్డు ఉద్యోగి అదే సంఘంలో ఉంటాడు. ఆయన్ని ఆ ఇంటికి వెంటబెట్టుకు వెళ్లాలి.