చెవిలో పియానో, చేతిలో పెన్ను

చోడవరంలో రోడ్డు పక్క గదిలో కూర్చుని పద్దులు రాసుకుంటుంటే చెరకు ట్రాక్టరు, గుడి మైకు, ఆటో హారను మూడూ కలిసి కచేరీ పెడతాయి. చెవుల్లో పియానో పెట్టుకుంటే ఆ గోల కాస్త వెనక్కి తగ్గుతుంది. ఆ పియానో గురించి కొన్ని విశేషాలు...

◆ పేరులోనే గుట్టు ఉంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్టొలోమియో క్రిస్టోఫొరి దీన్ని తయారు చేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డు తీగను మీటుతుంది. మెట్టు ఎంత గట్టిగా నొక్కినా మోత ఇంచుమించు అంతే. పియానోలో చిన్న సుత్తి తీగను కొడుతుంది కాబట్టి వేలి బలమే స్వరం బలం. అందుకే 'పియానోఫోర్టే' అన్నారు. అంటే మెల్లగా, గట్టిగా అని.

◆ ఇప్పటి పియానోకు 88 మెట్లు. తెల్లవి 52, నల్లవి 36.

◆ సుత్తి కొట్టి వెనక్కి వచ్చేశాక ఆ స్వరాన్ని ఊపడం, జార్చడం కుదరదు. గమకం పలకని వాద్యానికి మన కచేరీలో పీట దొరకలేదు. అదే పడమటి నుంచి వచ్చిన వయొలిన్ మనదైపోయింది. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు నేర్పింది వయొలినే. ఘంటసాల చదువుకున్నదీ ఆ కళాశాలలోనే.

◆ మెట్ల వాద్యమే అయిన హార్మోనియాన్ని 1940లో రేడియో గడప తొక్కనివ్వలేదు. అయినా పద్యనాటకం మాత్రం దాన్ని వదల్లేదు.

◆ 'మోజార్టు వింటే పిల్లలు తెలివైనవాళ్లవుతారు' అన్న మాటకు మూలం 1993లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం. అందులో పాల్గొన్నది పసిపిల్లలు కాదు, 36 మంది కాలేజీ విద్యార్థులు. రెండు పియానోల కోసం మోజార్టు రాసిన సొనాటాను పది నిమిషాలు విన్నాక, కాగితం మడతల్లాంటి చిక్కులను వాళ్లు కాస్త బాగా విప్పారు. ఆ చురుకుదనం పావుగంట దాటి నిలవలేదు. అయినా 1998లో అక్కడి జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇద్దామని బడ్జెట్లో డబ్బు అడిగాడు!

◆ తర్వాత 1999లో కెనడాలో ఇంకో ప్రయోగం. ఒకసారి మోజార్టు, ఇంకోసారి కథ వినిపించారు. కథ నచ్చినవాళ్లు కథ విన్నాకే బాగా చేశారు. అంటే మహిమ మోజార్టుది కాదు, మనసు ఉల్లాసానిది.

◆ 1920లో పారిస్‌లో సంగీతకర్త ఎరిక్ సాటీ 'సామాను సంగీతం' వినిపించాడు. గదిలో బల్ల, కుర్చీ ఉన్నట్టు సంగీతమూ ఓ పక్కన పడి ఉండాలని ఆయన ఉద్దేశం. జనం మాటలు మానేసి చెవులప్పగించారు. 'వినకండి, కబుర్లాడుకోండి' అని ఆయనే వాళ్ల మధ్య తిరుగుతూ బతిమాలాల్సి వచ్చింది.

◆ చదివేటప్పుడు, రాసేటప్పుడు చెవిన పడ్డ మాటను మనం వద్దనుకున్నా మెదడు పట్టుకుంటుంది. పియానోలో మాటల్లేవు కాబట్టి ఆ పోటీ లేదు. మరి మన నాట్ల పాటలు, దంపుళ్ల పాటల నిండా మాటలేగా? అక్కడ పని చేతులది. పాట లయ పట్టుకుంటే చేయి దానంతటదే సాగిపోతుంది. పద్దుల పుస్తకం దగ్గర అలా కాదు, పని తలది.

అందుకే కూడికలప్పుడు నాకు పియానో. మధ్యలో గుడి మైకులో ఘంటసాల గొంతు వినిపిస్తే మాత్రం పెన్ను పక్కన పెట్టేస్తాను. ఎలాగూ లెక్క తప్పుతుంది.