బడి మెట్టు ఎక్కని రచయిత్రి – భండారు అచ్చమాంబ

విజయనగరం అనగానే గురజాడ అప్పారావు గారి పేరు గుర్తుకొస్తుంది. ఆయన రాసిన 'కన్యాశుల్కం' నాటకం చాలామందికి తెలుసు. గిరీశం, మధురవాణి అనే పేర్లు మన గజపతినగరం వైపు చదువు రాని పెద్దవాళ్ళు కూడా వినే ఉంటారు.

గురజాడ గారు 1910లో 'దిద్దుబాటు' అనే కథ రాశారు. తెలుగులో మొదటి కథ అదేనని చాలా కాలం పుస్తకాల్లో రాశారు, బడుల్లో చెప్పారు. అయితే దానికి ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, ఒక స్త్రీ రాసిన కథ పత్రికలో అచ్చయింది. ఆమె ఏ బడిలోనూ చదవలేదు. ఆమె పేరు భండారు అచ్చమాంబ.

ఎవరీ అచ్చమాంబ? బడికి వెళ్ళకుండా ఎలా చదివారు? ఆమె పేరు మనకు ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదు? చదివి తెలుసుకుందాం.

ఆ రోజులు ఎలాంటివి?

అచ్చమాంబ గారు పుట్టింది 1874లో. అప్పటి ఆడపిల్లల బతుకు ఎలా ఉండేదో తెలిస్తేనే ఆమె చేసిన పని విలువ తెలుస్తుంది.

అప్పుడు విజయనగరం, గజపతినగరం అన్నీ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. కొన్ని కుటుంబాల్లో పసిపిల్లలకు వెల కట్టి, డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు పెళ్ళి చేసేవారు. దాన్నే కన్యాశుల్కం అంటారు. విజయనగరం మహారాజు ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా ఒకటి తయారు చేయించారు. మూడేళ్ళలో ఈ జిల్లాలోనే 1034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళకు అయిదేళ్ళు. ముగ్గురికి ఏడాది వయసు! ఈ లెక్కలను గురజాడ గారు తన నాటకం ముందుమాటలో రాశారు.

మరి చదువో? 1901 జనాభా లెక్కలు చూడండి. దేశం మొత్తం మీద వెయ్యి మంది ఆడవాళ్ళలో ఆరుగురికి మాత్రమే అక్షరాలు వచ్చు. పెద్ద కులాల ఆడవాళ్ళు గడప దాటకూడదనేవారు. కూలిపనికి వెళ్ళే ఆడవాళ్ళు రోజూ గడప దాటేవారు. కానీ బడి గడప ఎక్కే వీలు వాళ్ళకూ లేదు. ఆడది చదివితే చెడిపోతుందని, మొగుడి మాట వినదని పెద్దలు చెప్పేవారు. చాలామంది ఆడవాళ్ళూ అదే నిజమని నమ్మేవారు.

తమ్ముడి పక్కన కూర్చుని...

అచ్చమాంబ గారి పుట్టిన ఊరు కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలు. ఇప్పుడు ఆ ఊరు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. అచ్చమాంబకు ఒక తమ్ముడు. పేరు లక్ష్మణరావు, ఆమె కంటే మూడేళ్ళు చిన్న. పిల్లలు చిన్నగా ఉండగానే తండ్రి చనిపోయారు.

పదేళ్ళ వయసులో అచ్చమాంబకు పెళ్ళి చేశారు. భర్త పేరు భండారు మాధవరావు. ఆయనకు ఇది రెండో పెళ్ళి. ఆయనకు నాగపూరు వైపు ప్రభుత్వ ఉద్యోగం. మన గజపతినగరం స్టేషనులో రాయపూర్ వెళ్ళే బండి ఎక్కి, రాయపూర్ దాటి ఇంకా పడమటికి పోతే నాగపూరు వస్తుంది. అక్కడ తెలుగు మాట వినిపించేది తక్కువ. అంత దూరం కాపురానికి వెళ్ళారు అచ్చమాంబ. తల్లి, తమ్ముడు కూడా ఆమె దగ్గరే ఉన్నారు.

తమ్ముడిని బడిలో వేశారు. అక్కను ఎవరు వేస్తారు? తమ్ముడు ఇంట్లో పాఠం చదువుతుంటే అచ్చమాంబ పక్కన చేరేవారు. అతడు చదివేది వినేవారు, రాసేది చూసేవారు. అలా తెలుగు వచ్చింది, హిందీ వచ్చింది. తర్వాత మరాఠీ, గుజరాతీ, బెంగాలీ పుస్తకాలు కూడా చదవగలిగారు. సంస్కృతం కూడా కొంత నేర్చుకున్నారు.

ఆ తమ్ముడే తర్వాత గొప్ప పండితుడైన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టినవారిలో ఆయన ఒకరు. గ్రంథాలయం అంటే పుస్తకాలు దాచి, అందరికీ చదవడానికి ఇచ్చే చోటు.

ఒకే ఇంట్లో పెరిగిన అక్కాతమ్ముళ్ళు. తమ్ముడి కోసం బడి ఉంది. అక్కకు మాత్రం తమ్ముడి పుస్తకమే బడి అయింది.

కడుపుకోత

అచ్చమాంబ గారికి ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరూ చిన్నతనంలోనే చనిపోయారు. తల్లికి అంతకంటే పెద్ద దుఃఖం ఏముంటుంది? అయినా ఆమె ఒక మూల కూర్చుండిపోలేదు. దిక్కులేని పిల్లలను చేరదీసి, తన ఇంట్లోనే ఉంచుకున్నారు. వాళ్ళకు అన్నం పెట్టి, చదువు చెప్పించారు. చదవడం, రాయడం కూడా ఆపలేదు.

పుస్తకం ఎందుకు రాశారు?

'ఆడవాళ్ళకు తెలివి లేదు, వాళ్ళు అబలలు' అని లోకం అంటుంటే అచ్చమాంబ గారికి ఒప్పుదల కాలేదు. అబల అంటే బలం లేనిది. అవునా, కాదా అని ఊరికే వాదిస్తే ఎవరు వింటారు? రుజువు చూపించాలి. అందుకని ఆమె చరిత్ర పుస్తకాలు తిరగేశారు. రాజ్యాలు ఏలిన ఆడవాళ్ళు, యుద్ధాలు చేసినవాళ్ళు, పద్యాలు రాసినవాళ్ళు, శాస్త్రాలు చదివినవాళ్ళు – ఇలాంటి వారి జీవితాలను ఒక చోట చేర్చి రాశారు. ఆ పుస్తకం పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. 1901లో అచ్చయింది. సచ్చరిత్ర అంటే మంచి చరిత్ర.

తెలుగులో మగవాళ్ళు ఆడవాళ్ళ గురించి రాసిన పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. ఒక స్త్రీ పూనుకుని, ఇందరు స్త్రీల చరిత్ర వెతికి రాయడం కొత్త.

ఆమె రాసినవారిలో ఖనా ఒకరు. ఖనా గురించి బెంగాలు వైపు జనం చెప్పుకునే కథ ఇది. ఖనాకు నక్షత్రాల శాస్త్రం బాగా వచ్చు. మామగారు పెద్ద పండితుడు. ఆయన చెప్పలేని లెక్కను కోడలు చెప్పేది. ఆమె పేరు రాజుగారి కొలువు దాకా వెళ్ళింది. కోడలి ముందు తనకు తలవంపులని మామగారు ఓర్వలేకపోయాడు. చివరికి ఆమె నాలుక కోయించారు.

ఇది జరిగిందో లేదో ఎవరూ చూడలేదు, జనం నోట వచ్చిన కథ. కానీ అందులో ఒక నిజం ఉంది. ఆడదానికి తెలివి లేదని కాదు, తెలివి ఉన్న ఆడదాన్ని మాట్లాడనివ్వలేదు. అలాంటి స్త్రీ గురించి, పక్కన కూర్చుని చదువు నేర్చుకున్న మరో స్త్రీ తెలుగులో రాశారు.

ఈ పుస్తకాన్ని మూడు భాగాలుగా రాయాలని అచ్చమాంబ గారు అనుకున్నారు. మన దేశ చరిత్రలోని స్త్రీలు, పురాణాల్లోని స్త్రీలు, వేరే దేశాల స్త్రీలు – ఇదీ ఆమె ఆలోచన. పని పూర్తి చేసే ఆయుష్షు ఆమెకు లేకపోయింది.

ఆమె కథలు

అప్పట్లో ఆడవాళ్ళ కోసమే కొన్ని పత్రికలు వచ్చేవి. 'తెలుగు జనానా', 'హిందూ సుందరి', 'సావిత్రి' అలాంటివి. అచ్చమాంబ గారు వాటిలో కథలు, వ్యాసాలు రాశారు.

'ధన త్రయోదశి' అనే కథ 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. ఒక బీద గుమాస్తా, అతని భార్య విజయలక్ష్మి. దీపావళి పండగ వచ్చింది, చేతిలో డబ్బు లేదు. భర్త తాను పనిచేసే యజమాని సొమ్ము తెస్తాడు. సంగతి తెలిసి భార్య బాధపడుతుంది. దొంగసొమ్ముతో పండగ వద్దని చెప్పి, తిరిగి ఇచ్చేలా అతని మనసు మారుస్తుంది.

తర్వాత ఎనిమిదేళ్ళకు గురజాడ గారు రాసిన 'దిద్దుబాటు'లో కూడా భార్య భర్తను దిద్దుతుంది. రాత్రిళ్ళు ఆటపాటల వెంట తిరిగే భర్త ఇంటికి వచ్చేసరికి భార్య కనిపించదు, ఆమె రాసిన ఉత్తరం కనిపిస్తుంది. ఆ ఉత్తరం చదివి అతనికి బుద్ధి వస్తుంది. చూశారా? ఆమెకు రాయడం వచ్చు కాబట్టే ఆ ఉత్తరం ఉంది.

అచ్చమాంబ గారి ఇంకో కథ 'స్త్రీ విద్య'. ఇదీ 1902లోనే వచ్చింది. కథంతా మొగుడూ పెళ్ళాల మాటలే. ఆడదానికి చదువెందుకు అని భార్యే అడుగుతుంది. ఆమె అడిగినదానికల్లా భర్త జవాబు చెబుతాడు. 'ఈ వయసులో నాకెందుకు చదువు?' అనే మాట మన ఊళ్ళలో మీరు వినలేదా? మీరే ఎప్పుడైనా అని ఉండవచ్చు. ఆడవాళ్ళ మనసులో ఉన్న జంకు ఆమెకు బాగా తెలుసు. అందుకే ఆ జంకును కథలో పెట్టి, జవాబు చెప్పించారు.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఆమె కథల్లోని ఆడవాళ్ళు భర్తను ఎదిరించరు, నెమ్మదిగా నచ్చజెబుతారు. మంచి ఇల్లాలు ఎలా ఉండాలో చెప్పే మాటలూ ఆమె రాతల్లో ఉన్నాయి. ఆ కాలం అలాంటిది. కానీ ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా తెలివి ఉంది, చదువు వాళ్ళ హక్కు అన్న మాట దగ్గర మాత్రం ఆమె వెనక్కి తగ్గలేదు. ఆడా మగా సమానమని చెప్పే ఆలోచనను ఇప్పుడు స్త్రీవాదం అంటున్నాం. ఆ పేరు తెలుగులోకి రాకముందే ఆమె ఆ పని చేశారు.

రాత నుంచి సంఘం దాకా

పుస్తకం రాస్తే చదివేవాళ్ళు ఉండాలి కదా! వెయ్యి మందిలో ఆరుగురే చదివే రోజుల్లో, రాసిన మాట అందరికీ ఎలా చేరుతుంది? ఆడవాళ్ళు ఒక చోట కూడాలి, ఒకరు చదివితే పదిమంది వినాలి.

1902లో అచ్చమాంబ గారు ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో 'బృందావన స్త్రీ సమాజం' పెట్టారు. 1903లో ఆంధ్రదేశంలోని ఊళ్ళు తిరిగి, ఆడవాళ్ళతో మాట్లాడి, ఇలాంటి సమాజాలు పెట్టించారు. చదువు వచ్చినవాళ్ళు ఊరుకోకూడదు, రానివాళ్ళకు చెప్పాలి అని కోరారు.

ఇవాళ మన ఊళ్ళలో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. ఆడవాళ్ళు కూడి, పొదుపు లెక్క చూసి, మాట్లాడుకోవడం మామూలు సంగతి అయిపోయింది. నూట ఇరవై ఏళ్ళ కింద అది మామూలు సంగతి కాదు. ఆడవాళ్ళు సభ పెట్టుకుంటే వింతగా చూసేవారు. ఆ దారిలో ముందు నడిచినవాళ్ళలో అచ్చమాంబ గారు ఒకరు.

1905 జనవరిలో ఆమె చనిపోయారు. అప్పటికి ఆమె వయసు ముప్ఫై ఏళ్ళు.

పేరు ఎందుకు మరుగున పడింది?

అచ్చమాంబ గారు పోయాక ఆమె కథలున్న పత్రికలు పాతబడ్డాయి. కొన్ని గ్రంథాలయాల అల్మరాల్లో ఉండిపోయాయి. ఎవరూ తీసి చదవలేదు. చదవకపోతే రాసిన పేరు కూడా పోతుంది. తెలుగు కథల చరిత్ర రాసినవాళ్ళు ఆమెను లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత కొందరు, ముఖ్యంగా ఆడవాళ్ళు, మళ్ళీ వెతకడం మొదలుపెట్టారు. 1991లో మన దేశ స్త్రీల రచనలతో ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకం వచ్చింది. సూసీ తారు, కె. లలిత దాన్ని తయారు చేశారు. అందులో అచ్చమాంబ గారు రాసిన ఖనా చరిత్ర ఉంది. 2010లో సంగిశెట్టి శ్రీనివాస్ గారు ఆమె కథలను పాత పత్రికల నుంచి వెతికి పుస్తకంగా తెచ్చారు. కొండవీటి సత్యవతి గారు ఆమె జీవిత చరిత్ర రాశారు.

దీనివల్ల గురజాడ గారి గొప్ప తగ్గదు. 'దిద్దుబాటు' మంచి కథే, ఎప్పటికీ మంచి కథే. కానీ ముందు నడిచిన మనిషి పేరు చెప్పకపోవడం న్యాయం కాదు. ఆమె పేరూ చెప్పుకోవాలి.

మనం ఏం చేయాలి?

2011 జనాభా లెక్కల నాటికి మన విజయనగరం జిల్లాలో ఆడవాళ్ళలో సుమారు సగం మందికే చదవడం, రాయడం వచ్చు. అంటే పని ఇంకా మిగిలే ఉంది.

మీరు పగలంతా ఊడ్పులకో కోతలకో వెళ్ళి వచ్చి, రాత్రి దీపం దగ్గర అక్షరాలు దిద్దుకున్నారు. చేయి తిరగక, కళ్ళు కూరుకుపోతున్నా దిద్దుకున్నారు. ఇప్పుడు సంతకం పెడుతున్నారు, ఈ పుస్తకం చదువుతున్నారు. చదివిన అక్షరం వాడకపోతే కత్తికి తుప్పు పట్టినట్టు పోతుంది. రోజుకు ఒక పేజీ అయినా చదవండి. బస్సు మీద బోర్డు చదవండి, సంఘం పుస్తకంలో లెక్క చదవండి.

మీ ఇంట్లో మీ అత్తగారికో, పక్కింటి వదినకో అక్షరాలు రాకపోతే, ఈ అచ్చమాంబ గారి కథ చదివి వినిపించండి. అచ్చమాంబ గారు తమ్ముడి పక్కన కూర్చునే కదా నేర్చుకున్నారు! మీ పక్కన కూర్చుని ఎవరు నేర్చుకుంటారో ఎవరికి తెలుసు?

ఆలోచించండి – కలిసి మాట్లాడుకోండి

1. అచ్చమాంబ గారు చదువు ఎలా నేర్చుకున్నారు?

2. 'ధన త్రయోదశి' కథలో విజయలక్ష్మి ఏం చేసింది? మీరైతే ఏం చేసేవారు?

3. మీ ఇంట్లో కొడుకుకూ కూతురికీ చదువు విషయంలో తేడా ఉందా? ఉంటే ఎందుకు?

4. మీ ఊళ్ళో పదిమందికి మంచి చేసిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా? ఆమె గురించి అయిదు వాక్యాలు రాయండి. రాసింది దాచి ఉంచండి.