రాక్షసబల్లులు – రెండు శాఖలు

దాదాపు 23 కోట్ల సంవత్సరాల క్రితం ఆవిర్భవించి, 6.6 కోట్ల సంవత్సరాల క్రితం వరకు భూమిని ఏలిన జంతువులు రాక్షసబల్లులు. ఆంగ్ల శాస్త్రజ్ఞులు రిచర్డ్ ఓవెన్ 1842లో గ్రీకు పదాల ఆధారంగా ఈ వర్గానికి నామకరణం చేశారు. ‘డైనోసార్’ అనగా భయంకరమైన బల్లి అని అర్థం. నిజానికి ఇవి బల్లులు కావు. బల్లి కాళ్ళు పక్కలకు చాచి పాకుతుంది. రాక్షసబల్లుల కాళ్ళు మాత్రం దేహానికి అడుగున స్తంభాలవలె నిటారుగా ఉండేవి.

వీటన్నింటినీ ఓవెన్ ఒకే వర్గంగా భావించారు. 1887లో హ్యారీ సీలీ అనే శాస్త్రజ్ఞులు ఈ భావనను సవరించారు. ఆయన దేహ పరిమాణాన్ని గాని, ఆహారాన్ని గాని ప్రమాణంగా గ్రహించలేదు. ముఖ్యంగా కటి ఎముకల అమరికను పరిశీలించి, రాక్షసబల్లులను రెండు శాఖలుగా విభజించారు.

కటి భాగంలో ఇరువైపులా ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడేసి ఎముకలు ఉంటాయి. మొదటి శాఖలో ప్యూబిస్ ముందుకు, కిందికి వంగి ఉంటుంది. బల్లుల కటిని పోలినందువల్ల ఈ శాఖకు ‘సౌరిస్కియా’ అని పేరు వచ్చింది. రెండవ శాఖలో ప్యూబిస్ వెనుకకు తిరిగి, ఇస్కియంకు సమాంతరంగా ఉంటుంది. పక్షుల కటిని పోలిన ఈ శాఖ ‘ఆర్నితిస్కియా’.

భేదం కటితోనే ముగియలేదు. రెండవ శాఖ జీవులకు కింది దవడ కొనలో పళ్ళు లేని ప్రత్యేకమైన ఎముక ఒకటి ఉండేది. ముక్కువంటి ఆ భాగంతో అవి ఆకులను తుంచుకొనేవి. అందువల్ల ఈ శాఖలో అధికం శాకాహారులే. మూడు కొమ్ముల ట్రైసెరటాప్స్, వీపున పలకలు గల స్టెగోసారస్ ఈ శాఖకు చెందినవే. మొదటి శాఖలో టైరనోసారస్ వంటి మాంసాహారులూ, పొడవైన మెడ గల మహాకాయులైన శాకాహారులూ ఉన్నారు. కనుక ఆహారాన్ని బట్టి శాఖను నిర్ణయించుట పొరపాటు.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. పక్షులు ఉద్భవించినది పక్షికటి శాఖ నుండి కాదు. బల్లికటి శాఖకు చెందిన మాంసాహారుల నుండి. ఆ వంశంలో ప్యూబిస్ వెనుకకు తిరగడం తరువాత విడిగా జరిగిన పరిణామం. పైకి కనిపించే పోలిక బంధుత్వానికి నిదర్శనం కాజాలదని దీనివలన తెలుస్తున్నది.

తెలుగు నేలకు కూడా ఈ చరిత్రలో స్థానం ఉన్నది. నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి వద్ద లభించిన శిలాజాలకు 1988లో పి. యాదగిరి ‘కోటాసారస్’ అని నామకరణం చేశారు. ఇది బల్లికటి శాఖకు చెందిన శాకాహారి. దీని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టారు.

2017లో ముగ్గురు బ్రిటన్ శాస్త్రజ్ఞులు మాంసాహార రాక్షసబల్లులను పక్షికటి శాఖతో కలపాలని ప్రతిపాదించారు. దానిని ఇతరులు ప్రశ్నించారు. నూట ముప్పై ఏళ్ళ నాటి విభజన కూడా సాక్ష్యాల ముందు మరల పరీక్షకు నిలువవలసినదే. విజ్ఞానశాస్త్రం పురోగమించే మార్గం ఇదే.