రోగికి తెలియవలసినది: అపోహలు – వాస్తవములు

వైద్యుని ప్రశ్నించుట అవినయమని తలంచి, తన దేహమునకు జరిగిన చికిత్స యేమో తెలియకయే ఆసుపత్రి గడప దాటి వచ్చువారు మనలో కోకొల్లలు. ఈ మౌనమును పెంచి పోషించుచున్న అపోహలు కొన్ని గలవు.

అపోహ: కేసుషీటు ఆసుపత్రి సొత్తు, అడిగినను ఇయ్యరు.

వాస్తవము: 2002 నాటి భారత వైద్యమండలి వృత్తినియమావళి ననుసరించి, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను 3 సంవత్సరములు భద్రపరుపవలెను, రోగి గాని, అతడు అధికారమిచ్చినవారు గాని కోరినచో 72 గంటలలో అందజేయవలెను. ఆపరేషను నోట్సు, నర్సులు వేళవేళకు వ్రాసిన జ్వరము, రక్తపుపోటుల పట్టిక రేపు మరియొక వైద్యునికి అత్యవసరము కావచ్చును గనుక, తేదీ వేసి దరఖాస్తు వ్రాసియిచ్చి, అందినట్లు నకలుపై సంతకము తీసికొనుట మేలు.

అపోహ: ఒకసారి సంతకము చేసితిమా, వైద్యులు తమకు తోచినదెల్ల చేయవచ్చును.

వాస్తవము: లాప్రోస్కోపీ చేయుదుమనియు, పొట్ట కోయవలసి రావచ్చుననియు ఉన్న పత్రముపై ఢిల్లీలో ఒక స్త్రీ సంతకము చేయగా, ఆమె మత్తులో నుండగనే తల్లి సమ్మతిని గైకొని గర్భాశయమును తొలగించిరి. ప్రాణరక్షణకు తక్షణము చేయక తప్పని సందర్భమున దక్క, వ్యాధినిర్ణయమున కిచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పు చెప్పినది. చికిత్స స్వభావము, ప్రత్యామ్నాయములు, ప్రమాదములు, నిరాకరించినచో కలుగు ఫలితము ముందుగా తెలుపనిదే సమ్మతి సమ్మతి కానేరదు.

అపోహ: పెద్దజబ్బును రోగికి చెప్పరాదు, తెలిసిన బెంగపడి పోవును.

వాస్తవము: రోగతీవ్రతను పెంచియు, తగ్గించియు చెప్పరాదని పై నియమావళియే శాసించుచున్నది. కుమారులు రిపోర్టును ఎంత దాచినను, కీమోథెరపీ గది ముందు బల్లపై కూర్చున్న తండ్రికి గోడమీది బోర్డే జబ్బు పేరు చెప్పును. ఆ మాట ఆత్మీయుల సమక్షమున, వైద్యుని నోట, నెమ్మదిగా వినుట ఆయనకు న్యాయము.

అపోహ: మందులు ఆసుపత్రి దుకాణముననే కొనవలెను.

వాస్తవము: జాతీయ మానవహక్కుల కమిషను రూపొందించిన రోగుల హక్కుల పత్రము, మందులను, పరీక్షలను ఎచ్చట పొందవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ రోగిదేయని పేర్కొన్నది.

పాఠకులారా, ఆసుపత్రికి పోవునపుడు నాలుగు ప్రశ్నలు కాగితముపై వ్రాసికొని పొండు: జబ్బు పేరేమి? ఈ చికిత్స యేల? వేరు మార్గము గలదా? చేయించుకొననిచో ఏమగును? సమాధానములు అర్థమైన పిదపనే సంతకము చేయుడు.